ద్రావణి ఊరికే ఉండదు

ప్రసన్నలక్ష్మి నరసరావుపేటలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరరు. లిగాండ్ల మార్పిడి పాఠం చెప్పే రోజున ఆమె క్లాసులో కునికేవాళ్లుండరు. బోర్డు మీద రెండు రాగి పరమాణువులు గీస్తుంది. ఒక్కోదాన్ని చెరోపక్కనా పట్టుకుని ఉండే అణువుల్ని గీసి, లిగాండ్లంటే ఇవేనని చెబుతుంది. తర్వాత చాక్‌పీసు బల్ల మీద పెట్టి, ఈ రాగి దగ్గరున్నది ఆ రాగి దగ్గరికి, ఆ రాగి దగ్గరున్నది ఈ రాగి దగ్గరికి వచ్చాయనుకోండి, దాన్ని మన వైపు ఏమంటారని అడుగుతుంది. ముందు బెంచీ ఆడపిల్లలు ముసిముసిగా నవ్వుతూ కుండమార్పిడి అంటారు. ఈ ఇంటి పిల్లను ఆ ఇంటికిచ్చి, ఆ ఇంటి పిల్లను ఈ ఇంటికి తెచ్చుకోవడం గురించి పల్నాటి పిల్లలకు ఒకరు చెప్పాలా? మరి భోజనాలు ఎవరు పెడతారు మేడమ్ అని వెనక బెంచీ నుంచి ఎవడో ఒకడు ప్రతి ఏడూ అడుగుతాడు. ప్రతి ఏడూ ఆమె కొత్తగా విన్నట్టే నవ్వుతుంది.

ఆమెదీ కుండమార్పిడి పెళ్లేనని పిల్లలకు తెలియదు. వినుకొండలో పురుగుమందుల కొట్టున్న పుల్లారావుగారి అమ్మాయి ఆమె. నరసరావుపేటలో కంకర తోలే టిప్పర్లున్న శివనాగరాజుకు ఆమెనిచ్చారు. శివనాగరాజు చెల్లెలు రోహిణిని ఆమె అన్న వెంకటకృష్ణకు చేసుకున్నారు. ఒకే పందిరి, ఒకే ముహూర్తం, ఒకే వంటవాళ్లు. ప్రసన్నకు రోహిణి అన్నభార్య, రోహిణికీ ప్రసన్న అన్నభార్యే. అందుకని ఇద్దరూ ఒకరినొకరు వదినా అనే పిలుచుకుంటారు. ఫోన్లో ఆ ఇద్దరూ మాట్లాడుకుంటుంటే పక్కన కూర్చున్నవాళ్లకు ఎవరు ఎవరికి వదినో అంతుపట్టదు.

మీ పిల్ల మా దగ్గర చల్లగా ఉంటే మా పిల్ల మీ దగ్గర చల్లగా ఉంటుందని ఆనాడు పెద్దలు పందిట్లోనే అనుకున్నారు. విన్నవాళ్లంతా ఎంత చక్కటి మాటో అని తలలూపారు. ఆ మాటను కాస్త తిరగేసి చూస్తే అది బెదిరింపని ఒక్కరికీ తట్టలేదు. పెళ్లిలో తట్టదు కూడా. అప్పటికి అందరి కడుపులూ నిండి ఉంటాయి.

ప్రసన్న కాపురం నిజంగానే చల్లగా ఉంది. ఉద్యోగం చేస్తూ పీహెచ్‌డీ చదువుతానంటే ఈ ఇంట్లో ఎవరూ అడ్డం చెప్పలేదు. అత్తగారు మహాలక్ష్మి పాపను చూసుకునేది. శివనాగరాజు అప్పుడప్పుడు తనే కారులో యూనివర్సిటీకి తీసుకెళ్లి, ఆమె పని అయ్యేదాకా చెట్టుకింద సీటు వాల్చుకుని పడుకునేవాడు. భార్య చేసేదేమిటో అతనికి ఒక్క ముక్క అర్థం కాదు, అర్థమైనట్టు నటించడు కూడా. అది ఆమెకు చాలా నచ్చేది. పుట్టింట్లో పుల్లారావు తీరు వేరు. మిరపతోటకు తెగుళ్లొస్తే కొట్టే మందుల్లో రాగి ఉంటుంది కాబట్టి, నువ్వు ఏళ్లకేళ్లు చదివే రాగిని నేను కిలోల లెక్కన అమ్ముతన్నా అని నలుగురిలో అనేవాడు. నలుగురూ నవ్వేవాళ్లు. ఆయన అన్నప్పుడు నవ్వకపోతే బాగుండదు మరి.

ఆమె చదువు కూడా ఈ మార్పిడి మీదే. రెండు రాగి సమ్మేళనాలను ఒకే ద్రవంలో కరిగిస్తే, వాటి లిగాండ్లు ఒకదాని దగ్గర్నుంచి ఇంకోదాని దగ్గరికి ఎలా మారతాయి, కరిగించే ద్రవాన్ని, అంటే ద్రావణిని మారిస్తే ఆ మార్పిడి ఎలా మారుతుంది అన్నది ఆమె థీసిస్. క్లోరోఫాంలో అన్నీ ముచ్చటగా జరిగాయి. రెండూ కలిపీ కలపకముందే మార్పిడి అయిపోయి, అదీ ఇదీ చెరొకటి పట్టుకున్న కొత్త సమ్మేళనం తయారయ్యేది. యంత్రంలో పెట్టి చూస్తే దాని గీత పాత రెండు గీతలకూ మధ్యలో నిలబడేది. డీఎంఎఫ్ అనే ఇంకో ద్రావణిలో మాత్రం ఎన్నిసార్లు చేసినా లెక్క తేలలేదు. దానికి కాస్త నీచువాసన ఉంటుంది. అందులో కలిపితే రంగు కాసేపుండి వెలిసిపోయేది. రెండు లిగాండ్లలో ఒకటి రాగిని వదిలేసి ఊరికే ద్రవంలో తేలుతుండేది. ఆ లిగాండు బలహీనమైనది, రాగి దగ్గర నిలవలేకపోయింది అని ప్రసన్న థీసిస్‌లో రాసుకుంది.

గైడు జయపాల్ ఆ పేజీలు చదివాడు. ఆయనకు ఆమె కుండమార్పిడి పాఠం సంగతి తెలుసు, సరదా పడేవాడు కూడా. ఆ రోజు సరదా పడలేదు. నీ లెక్కలో రెండు రాగులున్నాయి, రెండు రకాల లిగాండ్లున్నాయి, ఇంకోటి ఏదమ్మా అని అడిగాడు. ఇంకోటి ఏముంది సార్, ద్రావణి ఊరికే కరిగించేదే కదా అంది ప్రసన్న.

"క్లోరోఫాం ఊరికే ఉంటుంది. డీఎంఎఫ్ ఊరికే ఉండదు" అన్నాడు జయపాల్. "అది రాగిని పట్టుకుంటుంది. అది పట్టుకున్నాక లోపలున్నది జారక ఏం చేస్తుంది? నువ్వేమో జారినదాన్ని చూసి దాందే తప్పని రాశావు."

పదేళ్లుగా క్లాసులో చెప్పిన పాఠం ఆమెకు ఒక్కసారి తలకిందులైనట్టయింది. ఇటుది అటు, అటుది ఇటు, సరిపోయింది అనుకునే అలవాటులో ఆమె అసలు అవి మునిగి ఉన్న ద్రవాన్నే లెక్కలోంచి వదిలేసింది. ఇంత చిన్న సంగతి తట్టనందుకు సిగ్గుపడింది. ద్రావణిని కూడా కలిపి లెక్క మళ్లీ వేస్తానని, కాలేజీ ల్యాబులోనే డీఎంఎఫ్ పని మళ్లీ చేసి తెస్తానని చెప్పి బయల్దేరింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి వాకిట్లో రోహిణి చెప్పులున్నాయి.

రోహిణి హాల్లో నేల మీద కూర్చుని ఉంది. ఒక చేతిసంచీ తప్ప ఏమీ తెచ్చుకోలేదు. మహాలక్ష్మి కూతురి తల తన ఒళ్లో పెట్టుకుని జుట్టు నిమురుతోంది. వినుకొండ బస్టాండు దాకా నడిచి, దొరికిన బస్సెక్కి వచ్చేశానని, ఇంక వెళ్లనని రోహిణి చెప్పింది. ఆమె ఏడవడం లేదు. ఏడ్చి వచ్చిందని ముఖం చూస్తే తెలుస్తోంది.

ఏమైందో ప్రసన్నకు సగం తెలుసు. మిగతా సగం ఆ రాత్రి అన్నాల దగ్గర తెలిసింది. వెంకటకృష్ణ, రోహిణి పెళ్లయిన కొత్తలో గుంటూరులో ఉండేవాళ్లు. అతను ఒక మందుల కంపెనీలో తిరుగుడు ఉద్యోగం చేసేవాడు. ఆమె ఆస్పత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేసేది. రెండు గదుల అద్దె ఇల్లు. ఆమెకు డ్యూటీ ఆలస్యమైతే అతనే అన్నం వండి, కూర కర్రీపాయింటు నుంచి తెచ్చేవాడు. ప్రసన్న వెళ్లినప్పుడల్లా ఆ ఇంట్లో ఎవరో ఒకరు నవ్వుతూ ఉండేవాళ్లు. తర్వాత అతని ఉద్యోగం పోయింది. వినుకొండ వచ్చి తండ్రి కొట్లో కూర్చున్నాడు. ఆ ఇంటికి వచ్చాక గ్లాసుడు మంచినీళ్లు తను ముంచుకుని తాగడం మానేశాడు. కోడలు ఉద్యోగానికి పోతే కొట్టుకొచ్చే రైతులు ఏమనుకుంటారని పుల్లారావు అన్నాడు. వెంకటకృష్ణ ఆమె చేత ఉద్యోగం మాన్పించాడు. ఎవరితో అంత మాటలని ఫోను చూడటం మొదలుపెట్టాడు. పోయిన వారం కూరలో ఉప్పు తగ్గిందన్న వంకతో తండ్రి ముందు, కొట్లో గుమాస్తా ముందు చెయ్యి చేసుకున్నాడు. పుల్లారావు తలెత్తకుండా పెరుగన్నం కలుపుకుంటూనే ఉన్నాడట.

"కొట్టినందుకు కాదు వదినా" అంది రోహిణి. "కొట్టినాక వాళ్ల నాన్న వైపు చూశాడు, బడిలో పిల్లోడు పంతులు వైపు చూసినట్టు. అది చూసినాక ఇంక నావల్ల కాలేదు."

ప్రసన్నకు ఆ ఇల్లు తెలుసు. అందులోనే పుట్టింది. పుల్లారావు ఇంట్లో ఉన్నంతసేపూ ప్రసన్న తల్లి సైగలతోనే మాట్లాడేది. అన్నం పెట్టాలా అన్నా సైగే, జ్వరమొచ్చిందన్నా సైగే. ఆమె పోయి చాలా ఏళ్లయింది. చివరికి నొప్పి ఎక్కడుందో కూడా డాక్టరుకు చేత్తోనే చూపించింది.

మర్నాడు పొద్దున్నే పుల్లారావు ఫోన్ చేశాడు. ఆయన గొంతు పెంచడు, పెంచాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. ఆదివారం పెద్దమనుషుల్ని తీసుకుని వస్తానని, నీ ఆడపడుచుకు నచ్చజెప్పి ఉంచమని, అలా కుదరకపోతే నిన్ను తీసుకొస్తానని చెప్పాడు. వాళ్ల పిల్ల మనింట్లో లేనప్పుడు మన పిల్ల వాళ్లింట్లో ఎందుకుంటుందన్నది ఆయన మాట. నాన్నా, నేనేం చేశానని అడిగింది ప్రసన్న. నువ్వేం చేయలేదు, పద్ధతి అది అన్నాడు.

ఇక్కడ మహాలక్ష్మి కూడా అదే పద్ధతి మాట్లాడింది. చెడ్డ మనిషి కాదు. కూతురి కోసం రాత్రంతా కుమిలింది. కానీ తెల్లారేసరికి ఆమె తలలోనూ అదే త్రాసు ఊగడం మొదలైంది. మా పిల్లను వాళ్లు ఏలుకోకపోతే వాళ్ల పిల్లను మేమెందుకు నెత్తిన పెట్టుకోవాలని ఇరుగమ్మతో అంటుంటే ప్రసన్న విన్నది. ఆ మధ్యాహ్నమే అదే మహాలక్ష్మి కోడలికి వేడన్నంలో నెయ్యి వేసి పెట్టింది. రెండూ ఆ ఒక్క మనిషే.

ఆ రాత్రి శివనాగరాజు పక్క మీద అటు తిరిగి పడుకున్నాడు. ఏం చేద్దామని ప్రసన్న అడిగితే, ఆదివారం రానీ చూద్దామన్నాడు. మీ చెల్లెల్ని కొడితే మీకేమీ అనిపించడం లేదా అంటే, ఎందుకనిపించదు, పోయి మీ అన్నను తన్నాలనుంది, తంతే రేపు నీ గతేందని అడిగాడు. అతని మాటలో ప్రేమ ఉంది. ఆ ప్రేమ చెల్లెల్ని వినుకొండ కారెక్కించేలా ఉంది. ప్రసన్నకు అంతవరకూ తెలియని భయం ఆ క్షణాన పట్టుకుంది. ఈ ఇంట్లో తనకున్న చనువు, ఈ మంచం, పొద్దున పాపకు జడ వేయడం, యూనివర్సిటీ చెట్టుకింద అతను నిద్రపోవడం, ఇవన్నీ తనవని అనుకుంది. అక్కడ రోహిణి నోరు మూసుకుని ఉన్నంతకాలమే ఇవి తనవి.

ఆదివారం పుల్లారావు తెల్లకారులో దిగాడు. వెంట ఇద్దరు పెద్దమనుషులు. ఒకాయన ఈపూరులో మాజీ సర్పంచి, రెండో ఆయన రెండు ఇళ్లకూ దూరపు చుట్టం. వెంకటకృష్ణ రాలేదు. కొట్టు మూస్తే బాగుండదని ఆగిపోయాడట. కాఫీలయ్యాయి. ఎండల గురించి, మిర్చి యార్డు గురించి మాట్లాడుకున్నారు. తర్వాత సర్పంచి గొంతు సవరించుకుని, మొగుడూ పెళ్లాల మధ్య ఇట్టాంటివి మామూలేనని, కుర్రాడికి గట్టిగా చెప్పామని, ఇంకోసారి జరగదని అన్నాడు. జరిగితే ఏం చేస్తారని ఎవరూ అడగలేదు. చుట్టమాయన అసలు విషయానికొచ్చాడు. ఒక కాపురం కోసం రెండు కాపురాలు చెడగొట్టుకోవడం తెలివైన పనేనా, ప్రసన్న చదువుకున్న పిల్ల, ఆమే చెబితే రోహిణి వింటుంది అన్నాడు.

అందరూ ప్రసన్న వైపు చూశారు. పుల్లారావు చూడలేదు. ఆయన కాఫీ గ్లాసులో అడుగున మిగిలిన చక్కెర చూసుకుంటున్నాడు. శివనాగరాజు మాత్రం కళ్లతోనే బతిమాలాడు. ప్రసన్న లేచి వంటింట్లోకి వెళ్లింది.

రోహిణి గట్టుకు ఆనుకుని నిలబడి అన్నీ వింటూనే ఉంది.

"మా అమ్మ చెబితే పోను వదినా. మీ నాన్న చెప్పినా పోను" అంది. "ఆ ఇల్లు వీళ్లెవరికీ తెలీదు, నీకు తెలుసు. నేనక్కడ బతకగలనో లేదో నువ్వే చెప్పు. నువ్వు పొమ్మంటే పోతా."

ఆ మాటకు ప్రసన్నకు జయపాల్ సార్ గుర్తొచ్చాడు. గుర్తు రాకుండా ఉంటే బాగుండేది. క్లోరోఫాంలో చక్కగా నిలిచినదాన్ని తెచ్చి డీఎంఎఫ్‌లో వేస్తే ఏమవుతుందో ఈ ఇంట్లో ఆమె ఒక్కదానికే తెలుసు. గుంటూరులో నవ్విన ఇద్దరే వినుకొండలో ఇలా అయ్యారు. ఒకసారి వెలిసిపోయినదాన్ని మళ్లీ అదే ద్రవంలో పోసి, ఈసారి వెలవదులే అనుకునే మనిషికి ఆమె తన క్లాసులో మార్కులు వేయదు. అలాగని ఆ ఇంటిదే తప్పనుకుంటే అన్నయ్య తప్పేమీ లేదన్నట్టవుతుంది. రాగికి చేతులు లేవు, వెంకటకృష్ణకు ఉన్నాయి. ఇవన్నీ ఆమెకు క్షణంలో తోచాయి. ఆ వెంటనే హాల్లోంచి పాప గొంతు వినిపించింది. తాతయ్యా, మా అమ్మను కూడా తీసుకుపోతావా అని అడుగుతోంది. ఎవరు చెప్పారో ఏమో ఆ పిల్లకు.

"ఈ ఒక్కసారికి పో వదినా" అంది ప్రసన్న. "అన్నయ్యతో నేను మాట్లాడతా."

రోహిణి ఆమెను చూసింది. కోపంగా చూసి ఉంటే ప్రసన్నకు కాస్త తేలిగ్గా ఉండేది. కోపం లేదు. అడిగిన ప్రశ్నకు జవాబు వచ్చిందన్నట్టు తల ఊపి, చేతిసంచీ తీసుకుని, వెనక వాకిలి నుంచి చుట్టూ తిరిగి వెళ్లి కారులో కూర్చుంది. హాల్లో ఉన్న మగవాళ్లకు ఆమె వెళ్లి కూర్చున్న సంగతి డ్రైవరు వచ్చి చెబితే తెలిసింది.

ఆ తర్వాత ప్రసన్నను ఇంట్లో పూల్లో పెట్టి చూసుకున్నారు. రెండు కాపురాలు నిలబెట్టిందని మహాలక్ష్మి వీధంతా చెప్పింది. శివనాగరాజు అడక్కుండానే కొత్త చీర తెచ్చాడు. ఆమె ఆ చీర మడత విప్పలేదు. అన్నతో మాట్లాడతానన్న మాట రోజూ గుర్తొచ్చేది, రోజూ రేపు చేద్దామనుకునేది. రోహిణికి ఫోన్ చేస్తే స్విచాఫ్ అని వచ్చేది. పని ఒత్తిడిలో ఉందేమో అనుకోవడానికి రోహిణికి పని లేదు. ఆ సంగతి తెలిసి కూడా ఆమె అలాగే అనుకుంది.

కాలేజీ ల్యాబులో డీఎంఎఫ్ పని మొదలుపెట్టింది. అక్కడ గాలి లాగే ఫ్యాను పాడై చాలాకాలమైంది. కిటికీలన్నీ తెరిచి, ముక్కుకు చున్నీ చుట్టుకుని పనిచేసేది. ఈసారి ద్రావణిని కూడా లెక్కలోకి తీసుకుంది. డీఎంఎఫ్ కాస్త కాస్త పెంచుతూ క్లోరోఫాంలో కలిపి చూసింది. ఒక్కసారిగా ఏమీ కాదు. మొదట్లో రంగు అలాగే ఉంటుంది. చూసేవాడు, ఏమీ కాలేదు, బాగానే ఉన్నాయి అంటాడు. ఇంకాస్త పోస్తే గీత కొంచెం వంగుతుంది. ఇంకా పోస్తే ఆ లిగాండు ఒక పక్క చెయ్యి వదులుతుంది, తర్వాత రెండో పక్కా వదులుతుంది. అప్పటికి రాగి చుట్టూ ద్రావణే ఉంటుంది. ఎన్నాళ్లుగానో తేలని అంకెలు ఆ మధ్యాహ్నం ఒక్కొక్కటే వచ్చి గీత మీద కూర్చున్నాయి. థీసిస్‌లో ఆ లిగాండు బలహీనమైనదని రాసిన వాక్యం కొట్టేసింది. ఇంతకాలం ఎదురుచూసిన రోజది. ఆమెకు సంతోషం కలగలేదు. గాజు గొట్టంలో వెలిసిన ద్రవాన్ని సింకులో పోయబోయి, అలా పోయకూడదని గుర్తొచ్చి, వేరే సీసాలో పోసి మూత పెట్టింది.

ఇంటికొచ్చి చెప్పులు విడుస్తుండగా వెంకటకృష్ణ ఫోన్ చేశాడు. అతనే చేయడం ఆమెకు ఆశ్చర్యంగా అనిపించింది. గొంతు హుషారుగా ఉంది. చిన్నప్పుడు ఆమె సైకిలు బాగుచేసిపెట్టి వచ్చి చెప్పేవాడే, అచ్చం ఆ గొంతు.

"చెల్లాయ్, నువ్వు చెప్పబట్టి వచ్చింది, లేకపోతే వచ్చేది కాదు" అన్నాడు. "ఇంక బెంగ పెట్టుకోమాక. ఫోను నా దగ్గరే ఉంది. నేను కొట్టుకు పోయేటప్పుడు గేటుకు తాళం వేసిపోతన్నా. నాన్నే చెప్పాడు. ఇంక యాడికీ పోదు. నీ కాపురానికి ఢోకా లేదు."

వదిన ఏం చేస్తోందని అడిగింది ప్రసన్న. ఏం చేసిద్ది, ఉంది అన్నాడు. మాట్లాడుతోందా అని అడిగింది. దాందేముందిలే, ఏదన్నా కావాలంటే చేత్తో చూపిస్తది అని నవ్వాడు.

ప్రసన్న ఫోను పెట్టేసింది. అక్కడే మెట్టు మీద కూర్చుంది. తన కాపురం అనే మాటకు అర్థం ఇంత పచ్చిగా ఎవరూ ఆమెకు చెప్పలేదు. ఒక ఆడదాన్ని గేటు లోపల పెట్టి తాళం వేస్తే ఇంకో ఆడది ఇక్కడ పూలు పెట్టుకుని తిరగవచ్చు. తాళం వేయించింది నాన్న, వేసింది అన్న, ఆ గేటు దాకా నడిపించింది తను. తనకు సంబంధం లేనట్టు ఇన్నాళ్లూ పక్కన నిలబడింది. ఆమెకు తన మీద అసహ్యం వేసింది, ఆ అసహ్యంలోంచి కోపం పుట్టింది. ఆ కోపం ఆమెను లేపి నిలబెట్టింది.

శివనాగరాజు అప్పుడే టిప్పరు డ్రైవర్లతో మాట్లాడటం ముగించి లోపలికి వచ్చాడు. ఆమె అతనికి అన్నయ్య మాటలన్నీ పొల్లుపోకుండా చెప్పింది. తాళం సంగతి విని అతని ముఖం నల్లబడింది. చెల్లెలు చేత్తో చూపిస్తుందన్న మాట దగ్గర కుర్చీలో కూలబడ్డాడు. మనం పోయి రోహిణిని తీసుకొద్దాం అంది ప్రసన్న. లోపల మహాలక్ష్మి టీవీ కట్టేసింది. వింటోందని ఇద్దరికీ తెలుసు.

"తెస్తే మీ నాన్న నిన్ను తీసుకుపోతాడు. అమ్మ కూడా ఊరుకోదు" అన్నాడు. "మళ్లీ మొదటికొచ్చిద్ది ప్రసన్నా."

"పోతాను" అంది ఆమె. "రోహిణి రావడం రోహిణి బతుకు కోసం. నన్ను ఉంచుకోవాలో పంపాలో మీ ఇష్టం. ఈ రెంటికీ ముడిపెట్టారు చూడండి, అదే తప్పు. మీ చెల్లెలికి జరిగినదానికి నన్ను పంపుతున్నామని మాత్రం అనకండి. పంపాలనుకుంటే నన్ను చూసి, నా తప్పేదో చెప్పి పంపండి."

ఈ మనిషి మంచివాడని ఆమె ఇప్పటికీ నమ్ముతోంది. మంచివాడు కుర్చీలోంచి లేస్తాడా లేదా అన్నదే ఆమెకు తెలియడం లేదు. కాసేపు చూసింది. తర్వాత లోపలికి వెళ్లి పర్సు, ఫోను, ఛార్జరు సంచీలో వేసుకుంది. వినుకొండ స్టేషనులో ఎస్సైగా చేస్తున్న పాత విద్యార్థిని నంబరు తన దగ్గరుంది. ఆ పిల్లకు ఫోన్ చేసి, తలుపు తీయించాల్సిన ఇల్లొకటి ఉందని, అది తన పుట్టిల్లేనని చెప్పింది. అడ్రసు రెండుసార్లు చెప్పింది.

వాకిట్లో చెప్పులు వేసుకుంటుంటే శివనాగరాజు గుమ్మం దాకా వచ్చాడు. కారు తాళాలు చేతిలో ఉన్నాయి. అతను వాటిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటున్నాడు. అతని వెనక హాల్లో మహాలక్ష్మి నిలబడి ఉంది. ట్యూషన్ నుంచి పాప వచ్చే వేళయింది.

"పాప అడిగితే ఏం చెప్పను?" అన్నాడు.

"అత్తను తీసుకురావడానికి పోయిందని చెప్పండి" అంది ప్రసన్న. "అమ్మ మళ్లీ వస్తుందా అని అడుగుతుంది. దానికి మీరు ఏం చెబుతారో నాకూ వినాలనుంది."

అతను ఒకసారి వెనక్కి తిరిగి తల్లి వైపు చూశాడు. ప్రసన్న ఆ చూపు చూసింది. ఆమె గేటు తీసుకుని బస్టాండు వైపు నడిచింది.